నల్ల కంబళి ముందు పడిన బంతి

బెళుగుప్ప దగ్గర ఒక హైస్కూల్లో నేను ఏడేళ్లు ఫిజిక్స్ చెప్పాను. ఆ రోజులు తలచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఒక బంతి వీడియో.

పైనుంచి వదిలిన వస్తువు కిందికి వచ్చేకొద్దీ వేగం ఎలా పెరుగుతుందో తొమ్మిదో తరగతి పిల్లలకు కళ్లారా చూపించాలనుకున్నాను. ఫోన్‌తో వీడియో తీసి, కంప్యూటర్లో ఒక్కో ఫ్రేమూ ఆపుతూ, బంతి ఉన్నచోటల్లా చుక్క పెట్టాలి. చెప్పడానికి ఇంతే. తీరా ల్యాబ్ గదిలో తీస్తే వెలుతురు చాలక, బంతికి బదులు తెల్లటి చార పడింది. బయట ఎండలో తీస్తే తెల్ల బంతి కాస్తా సున్నం కొట్టిన గోడలో కలిసిపోయింది. పైగా గాలికి ఫోన్ ఊగి, వీడియో అంతా వణికింది.

బడిలో ఆయాగా పనిచేసే ఆవిడ ఊడుస్తూ ఇదంతా చూస్తోంది. నాకంటే బాగా పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. ఈ పనిలో చేరకముందు చాలా ఏళ్లు కూలికి పోయిన మనిషి.

"ఏం మేడమ్, పొద్దున్నుంచి ఆ చెండు ఎత్తేది, ఇడిసేది. ఏమి కావల్ల నీకు?"

"వీడియోలో బంతి స్పష్టంగా కనపడాలక్కా."

"తెల్ల గోడకు తెల్ల చెండు యాట్ల కనపడతాది? ఉండు, వస్తా."

ఇంటికి పోయి, వాళ్ల నాయన కప్పుకునే నల్ల కంబళి తెచ్చింది. గోడకున్న మేకులకు తగిలించి, ఎగరకుండా కింది అంచు మీద రాళ్లు పెట్టింది. నేను కొలతకు మీటరు స్కేలును కంబళి పక్కన గోడకు ఆనించి, ఫోన్‌ను బెంచీకి గుడ్డతో బిగించి కట్టాను. అక్క స్టూలెక్కి బంతి వదిలింది. ఈసారి ప్రతి ఫ్రేములోనూ బంతి గుండ్రంగా, శుభ్రంగా కనిపించింది.

అయినా లెక్క తప్పింది. గురుత్వ త్వరణం తొమ్మిది పాయింట్ ఎనిమిది రావాల్సింది పదకొండు దాటింది. మళ్లీ మళ్లీ కొలిచాను. నా వెనకే నిలబడిన అక్క తెరకేసి వేలు చూపించింది.

"కోల గోడకానించి ఉండాది. చెండు ఈడ, మూరెడు ముందర పడతాండాది. దూరంగా ఉండేది చిన్నగా కనపడదా మేడమ్?"

ఎమ్మెస్సీ చదివిన నాకు ఆ మాట తట్టనందుకు సిగ్గేసింది. స్కేలును బంతి పడే దారి పక్కనే నిలబెట్టి మళ్లీ తీశాం. లెక్క పదిలోపలికి దిగింది.

మరునాడు క్లాసులో ఆ చుక్కలు చూపించాను. పైన దగ్గరదగ్గరగా, కిందికి వచ్చేకొద్దీ ఎడంగా ఉన్నాయి. ఎందుకలా అని పిల్లల్ని అడిగాను. తలుపు దగ్గర నీళ్ల బకెట్‌తో ఆగిన అక్క ఉండబట్టలేకపోయింది.

"గొర్రు ఎనకాల శెనక్కాయ ఇత్తనం ఏసేటప్పుడు నా చెయ్యి ఒకే తీరుగా ఇడుస్తా ఉండె. ఎద్దులు జోరెక్కినాయంటే సాల్లో గింజలు ఇట్లే ఎడమెడంగా పడేవి. మా నాయన తిడతాండె."

"అయితే చెండు కూడా పోనుపోను జోరెక్కుతాండాది మేడమ్!" అని వెనక బెంచీ అమ్మాయి అరిచింది. ఆ పాఠం నేనింక చెప్పాల్సిన పని లేకపోయింది.

తర్వాత నాకు అనంతపురం బదిలీ అయింది. ఇక్కడ పిల్లలు ఎవరి ఫోన్లో వాళ్లే స్లోమోషన్‌లో తీసేస్తారు, ఐదు నిమిషాల్లో అయిపోతుంది. వాళ్లకు గొర్రు సంగతి చెబుతాను గానీ, అక్క చెప్పినట్టు రాదు.

మొన్న ఆవిడకు ఫోన్ చేసి ఇదే మాట అన్నాను.

"అది ఇంకా జ్ఞాపకం పెట్టుకున్యావా?" అని నవ్వింది. "మీ తట్టు వానేమన్నా పడెనా మేడమ్?"

పడలేదన్నాను. ఆడా లేదంది. తర్వాత తన మోకాళ్ల నొప్పుల గురించి చాలాసేపు చెప్పింది. నేను వింటూ కూర్చున్నాను.