మెడ కింద పెన్సిల్ రాత

ఈ సంగతి ఇప్పటివరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకి చెప్పలేదు. ఆదివారం ప్రార్థనలో కళ్లు మూసుకున్నప్పుడు కూడా చెప్పుకోలేదు. 1982లో ఒక ఫిబ్రవరి ఉదయం, అమెరికాలో ఓహాయో రాష్ట్రంలోని ఒక గిటార్ల ఫ్యాక్టరీలో, రిపేరుకి వచ్చిన పాత ఎలక్ట్రిక్ గిటార్ మెడ, అంటే తీగల కింది పొడుగాటి కర్ర, ఊడదీసి, దాని అడుగున పెన్సిల్‌తో రాసి ఉన్న పేరు చదివాను. మెడని మళ్లీ బిగించాను. కార్డు మీద "గుర్తులేమీ లేవు" అని రాశాను. ఆ మాట వల్ల ఒక మనిషి ఉద్యోగం పోయింది.

ఇది జరిగి ఆరేళ్లు కావస్తోంది. నాకప్పుడు ఇరవై రెండు. మాది గుంటూరు వైపు. నాన్న చదువు కోసం ముందు వచ్చాడు, నాకు ఎనిమిదేళ్లప్పుడు అమ్మా నేనూ వచ్చాం. నాన్నకి డ్రాయింగులు గీసే ఉద్యోగం ఉండేది. గుండె జబ్బు మొదలయ్యాక అది పోయింది. అప్పుడు అమ్మ ఫ్యాక్టరీలో చేరింది. గిటార్ అంటే అమ్మకి కొత్త. ఆమెకి తెలిసిన వాయిద్యమల్లా చర్చి హార్మోనియం.

మొదట అమ్మని ప్యాకింగ్‌లో వేశారు. తర్వాత పికప్ బెంచికి మార్చారు. ఎలక్ట్రిక్ గిటార్ తీగల కింద పికప్ అనే చిన్న భాగం ఉంటుంది. అయస్కాంతాల చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రాగి తీగని కొన్ని వేల చుట్లు చుడితే అది తయారవుతుంది. పైన గిటార్ తీగ కదిలితే ఆ కదలికని కరెంటుగా మార్చి స్పీకరుకి పంపేది అదే. ఆ బెంచి మీద అందరూ ఆడవాళ్లే. కుట్టుమిషను మోటారు గిర్రున తిరుగుతుంటే తీగని రెండు వేళ్ల మధ్య నుంచి పోనివ్వాలి. బిగిస్తే తెగుతుంది, వదిలితే ఉబ్బుతుంది. తెగిందంటే మళ్లీ మొదటి నుంచి.

అమ్మకి ఆ పని నేర్పినావిడ అప్పటికే అరవై దాటిన తెల్లావిడ. అమ్మ ఆవిణ్ణి "అక్కా" అనేది. అది పేరో పదవో తెలియక బెంచి మీద మిగతావాళ్లూ అలాగే పిలవసాగారు. నేను మాత్రం ఆంటీ అనేదాన్ని, నన్ను ఆమె 'హనీ' అనేది, మన 'బంగారం' లాగా. ఆమె మాట్లాడేది ఇంగ్లీషే. నాకు గుర్తున్నంతలో తెలుగులో రాస్తున్నాను.

"తీగని పట్టుకోకమ్మాయ్, అదేమీ పారిపోదు," అనేది అమ్మతో. నేను అటు వెళ్తే, "చూడు హనీ, ఈ బెంచి మీద తెగిన తీగతో ఊరి చుట్టూ కంచె వెయ్యొచ్చు. అందులో సగం మీ అమ్మదే."

"సగం కాదు అక్కా, ముప్పాతిక," అనేది అమ్మ, తల ఎత్తకుండానే.

నేను కమ్యూనిటీ కాలేజీ అయ్యాక అదే ఫ్యాక్టరీలో, రిపేర్ల గదిలో గుమాస్తాగా చేరాను. పార్ట్ టైమ్ కాబట్టి ఇన్సూరెన్స్ లేదు. పెట్టెలు తెరిచి, గిటార్ నంబరు, దానికొచ్చిన జబ్బు కార్డు మీద రాయడం నా పని. ఎవరితోనూ మాట్లాడక్కర్లేని గది కావడం వల్ల నాకు నచ్చింది. పెట్టెల్లో కొనుక్కున్నవాళ్లు రాసిన ఉత్తరాలుండేవి. వాటిని రెండేసిసార్లు చదివేదాన్ని. మధ్యాహ్నం లైబ్రరీ పుస్తకాలు చదివేదాన్ని, పేరు కనబడకుండా బ్రౌన్ పేపర్ అట్ట వేసి.

అప్పటికే ఫ్యాక్టరీని ఫర్నిచర్ చేసే ఒక పెద్ద కంపెనీ కొనేసింది. వాళ్లకి ముందు హాల్లో ఒక అద్దాల బీరువా పెట్టి, అందులో ఫ్యాక్టరీ తొలి రోజుల చరిత్ర చూపించాలనిపించింది. మేనేజరు నన్ను పిలిచి, "నువ్వు చదివే పిల్లవి కదా, నువ్వే రాయి," అన్నాడు. పాత గిటార్ ఏది రిపేరుకి వచ్చినా నాలుగు స్క్రూలు విప్పి, మెడ తీసి, అడుగున ఉన్న గుర్తులు కార్డు మీద ఎత్తి రాయాలి. ఎందుకంటే తొలి రోజుల్లో మెడ బిగించినవారు తమ పేరు, నెల, సంవత్సరం అక్కడ పెన్సిల్‌తో రాసేవారు. బిగించాక అది ఎవరికీ కనబడదు.

ఆ రోజుల గురించి మిగతాదంతా ఆంటీయే చెప్పింది. ఫ్యాక్టరీ అంటే మొదట్లో ఒక రేడియో రిపేరు షాపు వెనక రేకుల షెడ్డు. మొత్తం ఆరుగురు. షెడ్డుకి ఒక పక్క గోడ లాండ్రీ వాళ్లది. ఆవిరికి ఆ గోడ ఎప్పుడూ వెచ్చగా ఉండేది కాబట్టి చలికాలంలో వార్నిష్ ఆరడానికి గిటార్లని దానికి ఆనించేవాళ్లు. మిగతావి బట్టల తీగ మీద వేలాడేవి. ఆడవాళ్లకి బాత్రూమ్ లేదు, వీధి చివర పెట్రోలు బంకుకి వెళ్లాలి. "ఆ బంకువాడు మమ్మల్ని చూసి తాళంచెవి ముందే బయటపెట్టేవాడు. అంతకన్నా పెద్దమనిషిని నేను చూడలేదు," అంది ఆంటీ. పికప్‌లు చుట్టిందీ, వైర్లు అతికిందీ, మెడలు బిగించిందీ అన్నీ ఆమే. తర్వాత ఆమె భర్తకి పక్షవాతం వచ్చింది. మానేసి చాలా ఏళ్లు ఆయన్ని చూసుకుంది. ఆయన పోయాక, అమ్మ చేరిన పదకొండు నెలలకి, తిరిగి వచ్చి చేరింది.

ఆ పదకొండు నెలలే తర్వాత ముఖ్యమయ్యాయి.

గిటార్లు అమ్ముడుపోవడం తగ్గింది. కుర్రవాళ్లు కీబోర్డులు కొంటున్నారన్నారు, జపాన్ గిటార్లు చవకన్నారు. జనవరిలో నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. పికప్ బెంచి మీద ఐదుగురిలో ముగ్గురే ఉంటారు. ఎవరు ముందు చేరితే వాళ్లు ఉంటారు, అది యూనియన్‌తో ఒప్పందం. లిస్టులో మూడో పేరు అమ్మది, నాలుగోది ఆంటీది.

ఆంటీ వెళ్లి షెడ్డులో చేసిన ఏళ్లు కలపమని అడిగింది. ఒప్పందంలో ఆ వీలుంది. కానీ షెడ్డు నాటి కాగితాలు బేస్‌మెంట్‌లో ఉండేవట, ఒక ఏడాది నది నీళ్లు వచ్చి అంతా పోయాయట. "మీ పేరూ తేదీ ఉన్నది ఏదైనా ఒక్కటి చూపించండి, అక్కడి నుంచి లెక్కేస్తాం. నెలాఖరు వరకూ ఆగుతాం," అన్నారు ఆఫీసువాళ్లు. అది ఫిబ్రవరి నెలాఖరు.

ఆమె నేరుగా నా గదికి వచ్చింది.

"హనీ, నేనెన్ని మెడలు బిగించి ఉంటానో నాకే తెలీదు. వాటిలో ఒక్కటైనా ఎవడికో ఒకడికి చెడిపోదా? దేశంలో ఎవరైనా నా గిటార్‌ని పాడుచెయ్యాలని రోజూ దేవుణ్ణి అడుగుతున్నాను. ఇలాంటి ప్రార్థన మీ చర్చిలో ఎప్పుడైనా విన్నావా?"

లేదన్నాను. ఆమె నవ్వి, దగ్గి, వెళ్లిపోయింది. ఆ ఏళ్లు కలిస్తే అమ్మ పేరు కిందికి పోతుందని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. ఆ మాట ఆమె ఎత్తలేదు.

మార్చి రెండో వారంలో నాన్నకి గుండె ఆపరేషన్. తేదీ ఇచ్చేశారు. ఖర్చంతా అమ్మ ఉద్యోగంతో వచ్చిన ఇన్సూరెన్సే భరించాలి, ఆ రోజుల్లో ఉద్యోగం పోతే దాంతోనే అదీ పోయేది.

ఒక సాయంత్రం అన్నాలు తింటుండగా అమ్మ అడిగింది. "అక్క నిన్ను అడిగిందంటగా?"

"అడిగింది."

"సరిగ్గా చూడమ్మా. ఆవిడ పేరుంటే ఉన్నట్టు రాయి. ఆవిడ లేకపోతే నాకీ పని వచ్చేదా?"

నాన్న కంచంలోంచి తల ఎత్తాడు. "రాస్తే మన సంగతి?"

"మన సంగతి ప్రభువు చూసుకుంటాడు."

"ఆస్పత్రి కౌంటర్లో ప్రభువు పేరు రాసుకోరే. ఇన్సూరెన్స్ కార్డు నంబరు అడుగుతారు."

"మీరు ఊరుకోండి, ఆయాసం వచ్చిద్ది," అంది అమ్మ. చారు వడ్డించింది. నాన్న పెరుగు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

నెలాఖరుకి ఐదు రోజులుందనగా కెంటకీ నుంచి ఒక పెట్టె వచ్చింది. చర్చిలో వాయించే ఒకాయన పంపాడు. అది తన పెదనాన్నదని, శబ్దం వస్తూ పోతూ ఉందని ఉత్తరం. గిటార్ ఒళ్లంతా పాత టీ మరకలా పసుపెక్కి ఉంది. బల్ల మీద పరిచిన దుప్పటి మీద బోర్లా పెట్టి నాలుగు స్క్రూలు విప్పాను. మెడ కొంచెం మొండికేసి, ఊడి చేతిలోకి వచ్చింది.

ఆంటీ పేరు పూర్తిగా ఉంది. నెల, సంవత్సరం ఉన్నాయి. వాటి కింద ఇంకో మాట కూడా ఉంది: ఈ రోజు చాలా చలి.

ఎంతసేపు చూశానో తెలీదు. గోడ అవతల బెంచి మోటార్లు తిరుగుతున్నాయి. వాటిలో ఏది అమ్మదో ఏది ఆంటీదో నాకు తెలియదు. మేనేజరు దగ్గరికి వెళ్లాలంటే ఇరవై అడుగులు. లేచాను కూడా. తర్వాత కూర్చుని మెడ దాని చోట పెట్టి, నాలుగు స్క్రూలూ బిగించాను. గిటార్ జబ్బు చిన్నదే, లోపల ఒక వైరు అతుకు వదిలింది. దానికోసం రిపేరు చేసేవాళ్లు మెడ విప్పరు. కార్డు మీద రాశాను. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చాయి. వంకరపోయి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

సాయంత్రం కోటు వేసుకుంటూ ఆంటీ గుమ్మంలో తల పెట్టింది.

"కెంటకీ నుంచి పాతదేదో వచ్చిందంట? నాదేనా?"

తల అడ్డంగా ఊపాను. నేను ఎక్కువ మాట్లాడనని అందరికీ తెలుసు కాబట్టి అంతకుమించి ఏమీ అక్కర్లేకపోయింది.

"సరేలే. కెంటకీ వాళ్లు వస్తువులు జాగ్రత్తగా వాడతారు, అదే వాళ్లతో చిక్కు," అంది.

ఆ రోజు డైరీలో ఇలా ఉంది: మంచు పడుతోంది. లైబ్రరీ పుస్తకం రేపు తిరిగిచ్చెయ్యాలి. దాని కింద, ఎందుకో చెప్పకుండా, ఆ కెంటకీ ఆయన అడ్రసు. నెలాఖరు దాకా రోజూ ఆ పేజీ తీసి చూశాను. గిటార్ మూడో రోజునే తిరిగి వెళ్లిపోయింది.

ఆంటీ చివరి రోజున బెంచివాళ్లు కేకు తెచ్చారు. రాగి తీగ కోసుకోకుండా వేసుకునే తన వేలి తొడుగులు ఆమె అమ్మకిచ్చింది. బస్సులో అమ్మ ఇంటిదాకా ఏడ్చింది. "నువ్వు చూశావు కదమ్మా, అన్నీ చూశావు కదా," అని రెండుసార్లు అడిగింది. చూశానన్నాను. అది అబద్ధం కాదు.

నాన్నకి ఆపరేషన్ బాగా జరిగింది. ఇప్పటికీ ఉన్నాడు. పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుని పేపరు చదువుతాడు, ప్రెసిడెంటుని తిడతాడు. ఆ తిట్లు వింటూ, చేసింది తప్పని పూర్తిగా అనుకోలేను. అనుకోగలిగితే ఎవరికో ఒకరికి చెప్పుకుని ఉండేదాన్ని.

ఆంటీ ఒక స్కూలు క్యాంటీన్లో గంటల లెక్కన గిన్నెలు కడగడానికి కుదిరింది. దగ్గు ఎక్కువైనా డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. వెళ్లమని అమ్మ ఫోన్లో పోరుతూ ఉండేది. "ఇన్సూరెన్స్ లేదంట," అని ఫోను పెట్టేసి నాన్న వైపు కాకుండా గోడ వైపు చూసి చెప్పేది.

అమ్మ ఆ బెంచి మీద ఇంకో పద్నాలుగు నెలలే చేసింది. తర్వాత ఫ్యాక్టరీ మూసేశారు. సామాను వేలం వేస్తున్న రోజు నేను రిపేరు కార్డుల డబ్బాలు అప్పజెప్పడానికి వెళ్లాను. ముందు హాల్లో అద్దాల బీరువాకి కూడా చీటీ అంటించారు. అందులో నేను రాసిన కార్డులు తొమ్మిది, లాండ్రీ గోడ ఫోటో ఒకటి ఉన్నాయి.

ఆంటీ బెంచి చూడటానికి వచ్చింది. సగానికి సగం చిక్కిపోయింది. కొనడానికి వచ్చినవాళ్లు మోటార్లు విప్పుకుంటుంటే పక్కన నిలబడి, "అది కుడివైపు లాగుతుంది, కాస్త చూసుకో," అని వాళ్లకి చెబుతోంది. నన్ను చూసి చెయ్యి పట్టుకుంది. నాన్న ఎలా ఉన్నాడని అడిగింది. బాగున్నాడన్నాను. "మంచిది, మంచిది," అంది. ఆమె నిజంగానే సంతోషించింది. అప్పుడు చెప్పాలని నోరు తెరిచాను. డబ్బాలు ఆఫీసులో ఇచ్చి రావాలన్నాను. సిగ్గువల్ల అలా అన్నానని చెప్పుకోవచ్చు గానీ, అది సిగ్గు కాదు.

ఆ ఏడాది శీతాకాలంలో ఆంటీ నిమోనియాతో పోయింది. వేలం రోజే నేను ఆమెను ఆఖరిసారి చూడటం. ఆఫీసు తలుపు దాకా నాతో నడిచి, నా చేతిలోని డబ్బాల వైపు చూసి అంది:

"నాది ఒక్కటీ దొరకలేదు కదూ? ఇప్పుడు దాంతో పనేం లేదులే హనీ. అయినా ఎప్పుడైనా కనబడితే చెప్పు. అప్పట్లో నా చేతిరాత బాగుండేది."