అక్క గదిలో మల్లెకుండీ

మా డ్రాయింగు మాస్టారు పోయారని మొన్న రేపల్లె నుంచి ఉత్తరం వచ్చింది. చివరి రోజుల్లో ఆయన అక్కడ తమ్ముడి ఇంట్లో ఉన్నారు.

అరవైల్లో, తెనాలిలో మా పక్క వాటా ఆయనది. భార్య పోయాక ఒంటరిగా ఉండేవారు. ఆవిడ పెంచిన మల్లె ఒకటి పెరట్లో మట్టికుండీలో ఉండేది. ఆవిడ పోయిన ఏడు దాన్ని అలాగే వానల్లో వదిలేస్తే, వేసవికి ఆకులు గుబురుగా వచ్చాయి గాని ఒక్క మొగ్గ వేయలేదు. అంగలకుదురు నుంచి పూలమ్మడానికి వచ్చే ముసలమ్మని అడిగి కిటుకు తెలుసుకున్నారు. అప్పట్నించి కార్తీకం రాగానే కొమ్మలు కత్తిరించి, ఆకులు దూసేసి, తుపాను వానలు తగలకుండా కుండీని ఇంట్లోకి చేర్చేవారు. పదిరోజులకోసారి గ్లాసుడు నీళ్ళు, అంతే. "జాలిపడి నీళ్ళు పోశామా, ఇక పూలు చూడం" అనేవారు.

మరుసటి ఏడు మా బావ పోయాడు. ఇరవై రెండేళ్ళకే అక్క పుట్టింటికి వచ్చేసింది. వెనక గదిలోంచి బయటికి వచ్చేది కాదు. కార్తీకం చివర్లో మాస్టారికి బాపట్లలో రెండు నెలల ట్రైనింగు పడింది. వెళ్ళేముందు కుండీ మోసుకుని మా ఇంటికొచ్చారు.

"అమ్మాయ్, నేనొచ్చేదాకా దీన్ని నీ గదిలో పెట్టుకుంటావా?"

నాయనమ్మ అడ్డొచ్చింది. "దాని గదిలో పూలమొక్క ఏంటండి మాస్టారూ? నలుగురూ ఏమనుకుంటారు?"

"పూలెక్కడున్నాయి మామ్మగారూ? ఆకులే లేవు. ఉత్త పుల్లలండి."

నాయనమ్మ కుండీకేసి ఓసారి చూసి పక్కకి తప్పుకుంది.

నెల తిరిగేసరికి కొమ్మలు ఎండుకట్టెల్లా అయ్యాయి. పారేయమంది అమ్మ. అక్క ఒక కొమ్మని గోటితో గీకి చూసి, "ఒసే, ఇలా రావే! లోపల పచ్చగా ఉంది" అని కేకేసింది. బావ పోయాక తను గొంతెత్తి నన్ను పిలవడం అదే మొదటిసారి. ఆ సంగతి మాస్టారికి కార్డు రాసింది. జవాబుగా ఆయన మోడుకొమ్మ బొమ్మ గీసి, కింద ఒకే ముక్క రాశారు: "తొందరపెట్టకు."

మాఘంలో ఆయన తిరిగొచ్చి కుండీని ఎండలోకి దించారు. నీళ్ళు పోయడానికని అక్క రోజూ పెరట్లోకి రావడం మొదలుపెట్టింది. ఆనక నీళ్ళు పోశాక కూడా కాసేపు అక్కడే కూర్చునేది. చైత్రంలో మొగ్గలు విచ్చాయి. మాస్టారు అరటినారతో వంకరటింకరగా ఒక మూర కట్టి తెచ్చారు.

"అది పెట్టుకోకూడదండి" అంది నాయనమ్మ.

"పెట్టుకోమని నేననట్లేదు మామ్మగారూ. పెంచింది ఆ అమ్మాయి. తన పూలు తనకి ఇచ్చేస్తున్నాను, అంతేనండి."

పూలు అక్క చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. ఆ మల్లెల కాలమంతా రోజూ ఇచ్చారు. అక్క వాటిని గిన్నెలో నీళ్ళలో వేసి కిటికీలో పెట్టుకునేది. టీచరు ట్రైనింగుకి అప్లికేషను కూడా ఆయనే తెచ్చి, దగ్గర కూర్చుని నింపించారు. అక్క తన కాళ్ళ మీద నిలబడి రిటైరయ్యేదాకా పాఠాలు చెప్పిందంటే ఆయన చలవే.

సీటు బాపట్లలో వచ్చింది. బయల్దేరే రోజు పొద్దున్న అక్క గదిలోంచి వచ్చింది. జడలో మల్లెపూలు. నేను నాయనమ్మ వైపు చూశాను. నాయనమ్మ లేచి అక్క దగ్గరికి నడిచింది. దండ ఓ పక్కకి జారుతోంది. నాయనమ్మ దాన్ని జడలోకి గట్టిగా దోపి, "సరిగ్గా పెట్టుకోవే, దార్లో పడిపోతాయి" అని గిరుక్కున వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయింది.

వీధిలో మాస్టారు, ఇదేమీ చూడనట్టే, అటు తిరిగి రిక్షాలో అక్క ట్రంకుపెట్టె సర్దుతూనే ఉన్నారు.