తువాలు వేసిన సీటు

"తువాలు వేసి ఉంది కదండీ, కనబడలేదా?"

"ఆయన టికెట్ మీద ఈ నంబరే ఉందట, అమ్మమ్మా."

"నంబర్ల సంగతి నాకు తెలీదు. ముందెక్కింది నేను."

మా మనవరాలు హారిక నా మోచెయ్యి పట్టుకుంది. "అమ్మమ్మా, ఇది మనూరి బస్టాండ్ కాదు. తీసెయ్ ప్లీజ్, అందరూ చూస్తున్నారు."

తీశాను. ఆ పెద్దాయన కిటికీ పక్కన కూర్చుని నవ్వాడు. కైరో బస్సుల్లో తామూ పేపరు విసిరి సీటు ఆపేవాళ్ళమని ఇంగ్లీషులో అన్నాడు. హారిక నడవ అవతల నుంచి తెలుగులో చెప్పింది.

హారిక వాళ్ళుండే స్కోఫీల్డ్స్‌లో పొద్దున ఐదింటికి బయల్దేరి, సిడ్నీ సెంట్రల్‌లో ఏడింటి రైలెక్కాం. కాన్‌బెర్రాలోని హారిసన్‌లో మా చెల్లెలి ఇంట్లో ఒక్క రాత్రి ఉండి రావాలని. అక్కడికి నాలుగు గంటలు పైనే. రైల్లో కాఫీ కొనకండి, ఫ్లాస్కు పట్టుకెళ్ళండి.

నా పులిహోర తింటూ ఆయన తన కథ చెప్పాడు. కైరోలో సినిమా స్టూడియోలో దర్జీ అట. ఒకరోజు నటుడు రాలేదు, కోటు ఈయనకి సరిపోయింది, కెమెరా ముందుకు తోశారు. అక్కణ్ణించి ముప్ఫై ఏళ్ళు విలనే. బజారులో ఆడవాళ్ళు ఈయనకి టమాటాలు అమ్మేవారు కాదట. స్కూల్లో కూతురి పక్కన ఎవరూ కూర్చునేవారు కాదట. ఆ పిల్లే ఇప్పుడు కాన్‌బెర్రాలో నర్సు. నాన్న సినిమా ఒక్కటీ చూడలేదు. ఆ సాయంత్రం ఐదింటికి అక్కడి యూనివర్సిటీలో పిల్లలు ఆయన పాత సినిమా వేస్తున్నారు. డ్యూటీ అయితే చూస్తానందట.

"రాదు లెండి" అన్నాడు కిటికీలోకి చూస్తూ.

మమ్మల్నీ రమ్మన్నాడు. సినిమావాళ్ళంటే నాకు పడదు. టికెట్ కొనక్కర్లేదన్నాడని వెళ్ళాం.

హాలు నిండిపోయింది. ఆయన తల తలుపు వైపే ఉంది. కూతురి కోసం ఆయన పక్క సీటు మీద నా తువాలు వేశాను. ఎవరో దంపతులొస్తే కదల్లేదు. ఇక్కడ సీట్లు ఆపకూడదని ఒకమ్మాయి వచ్చి చెప్పింది. ఈసారి హారికే లేచింది. "సారీ, మా ఆంటీ వస్తున్నారు. ఆన్ ద వే."

సగం సినిమా అయ్యాక ఆసుపత్రి బట్టల్లోనే వచ్చింది కూతురు. తువాలు తీసి కూర్చోబెట్టాను. తెర మీద ఈయన ఒక ముసలామె ఇంటి కాగితాలు లాక్కుంటున్నాడు.

"నీ చేతులు పడిపోను!" అనేశాను, పైకే.

అందరూ తిరిగి చూశారు. ఆయన భుజాలు కదిలేలా నవ్వాడు. నేనేమన్నానో హారిక చెబితే కూతురూ నవ్వింది, తర్వాత కళ్ళు తుడుచుకుంది. తువాలు ఆమె చేతికే ఇచ్చాను.

ఈ దేశంలో ప్రతి సీటుకీ నంబరుంటుంది. అయినా తువాలు ఒకటి పెట్టుకుని బయల్దేరండి.

మర్నాడు పొద్దున స్టేషన్లో ఆమె దాన్ని ఉతికి, మడతపెట్టి తెచ్చిచ్చింది. రెండు రోజులు సెలవు పెట్టి, సిడ్నీలో తన ఇంటికి వెళ్తున్న తండ్రితో పాటు రైలెక్కింది. ఆయన తన కిటికీ సీటు నాకిచ్చి, వెళ్ళి కూతురి పక్కన కూర్చున్నాడు.