మహానది మీద ఆగిన వ్యాసం

బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో మేం తెలుగు పిల్లలం పెరిగిన రోజుల్లో ‘మీ ఊరేది?’ అని ఎవరైనా అడిగితే పుట్టిన ఊరి పేరు చెప్పేవాళ్లం కాదు, వేసవిలో నాన్న రైల్వే పాసు మీద వెళ్లే ఊరి పేరు చెప్పేవాళ్లం. అందుకే తెలుగు బడిలో మా మాస్టారు (ముక్కుపొడుం వదలరు కనుక మాకు పొడుం మాస్టారు) ‘మా ఊరు’ మీద వ్యాసం రాయమని, మంచిదాన్ని వార్షికోత్సవంలో మైకులో చదివిస్తానని అనగానే, నాకంటే అమ్మ ఎక్కువ హడావుడి పడింది. ఆ ఏడు నాన్నకు సెలవు దొరకలేదు. “ఎలాగూ ఎల్లనేకపోనాం. నువ్వు మైకులో మన పెదవలస పేరు సదివితే సాలు నాయనా, ఎల్లొచ్చినట్టే” అంది.

మాస్టారేమో, “ముందు చెప్పదలచిన ముక్కలు వరసగా రాసి చూపించండ్రా. ఎక్కడ మొదలెట్టి ఎక్కడికి చేరతారో తెలీకుండా వ్యాసం జోలికి పోవద్దు” అన్నారు. ఎంత ఆలోచించినా నాకు ఊరికంటే దారే బాగా గుర్తొచ్చింది. బాలాసోర్, భద్రక్, కటక్, బరంపురం, పలాస, శ్రీకాకుళం రోడ్, చివర పెదవలస అని వరసగా రాసిచ్చాను. (రైల్వే కాలనీ పిల్లాడికి ఇంతకంటే పకడ్బందీ ప్రణాళిక ఏం తోస్తుంది?) “పద్ధతంటే ఇదిరా!” అని మాస్టారు వ్యాసం చూడకుండానే నన్ను ఖాయం చేశారు. నేను పొంగిపోయి స్టేషనుకో పేజీ రాశాను.

వార్షికోత్సవ సభలో రైల్వే వర్క్‌షాపు వాళ్లంతా కుటుంబాలతో కూర్చున్నారు. ఆడవాళ్ల వరసలో అమ్మ. నేను మైకులో చదవడం మొదలుపెట్టాను. బాలాసోర్‌లో పులిహోర గిన్నె మూత తీయించి, భద్రక్‌లో చెల్లెలి చెప్పు పట్టాల మీద పడేసి, మహానది వంతెన ఎక్కి పైసలు విసరబోతుండగా మాస్టారు గంట కొట్టేశారు. నాకిచ్చిన సమయం అయిపోయింది. పెదవలస ఇంకా ఎంతో దూరంలో ఉంది. అమ్మ వైపు చూడలేక కాగితాలు మడిచాను.

“ఏటి మాస్టారూ, నది మజ్జిలో బండాపేసినారు!” అని లేచాడు మా పక్క క్వార్టర్ ఫిట్టర్ మామ.

“టైమైపోయిందయ్యా” అన్నారు మాస్టారు.

“మన బండి ఏనాడు టైముకెల్లినాదండీ? ఇదిగో, కటక్!”

హాలంతా నవ్వింది. వెనక బెంచీలోంచి భువనేశ్వర్ వచ్చింది, కిటికీ దగ్గర్నుంచి బరంపురం. “జీడిపప్పు కొనకుండా ఎల్లిపోతారేటర్రా?” అని పలాసలో ఒక ముసలమ్మ కాసేపు ఆపింది. శ్రీకాకుళం రోడ్ కూడా వచ్చేసింది. ఆపైన ఎవరికీ దారి తెలియదు. మగవాళ్ల ముందు ఎన్నడూ గొంతెత్తని అమ్మ అప్పుడు లేచి నిలబడింది.

“ఇక్కడ దిగి బస్సెక్కితే మా పెదవలసండీ!” అంది, మైకు అక్కర్లేనంత గట్టిగా.

ఆ తరువాత పత్రికలో చాలా ఏళ్లు రాశాను. ఇచ్చిన జాగాలోనే ఆదీ అంతం ఇమడ్చడం నేర్చుకున్నాను. చదివేవాళ్లు లేచి మిగతాది అందుకున్న రోజు మాత్రం మళ్లీ రాలేదు. నేను ముగించడం నేర్చుకున్నందువల్లనేమో.