వెనక చక్రం దగ్గర ఆ చప్పుడు

మొన్న మంగళవారం మా చిన్నమ్మాయి ఇంటి నుంచి తిరిగి వస్తూ జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర ఆటోలో ఇరుక్కుపోయాను. ఆ సిగ్నలు దగ్గర ఇరుక్కోవడం కొత్తేమీ కాదు గాని, ఆ రోజు నా పక్కనే పూలకుండీలు నింపుకున్న ఒక పికప్ బండి గతుకులో దిగి వెనక ఎడమవైపు నుంచి ‘టక్’ మంది, రెండు బారలు కదిలి మళ్ళీ ‘టక్’ మంది, ఇక నా నోరు ఊరుకోలేదు. తల బయటపెట్టి, బాబూ, నీ బండికి ఎడమవైపు వెనక చక్రం మీది కమాను కట్ట చివర రబ్బరు బుష్ అరిగిపోయింది, చూపించుకో అన్నాను. డ్రైవరు నన్ను ఎగాదిగా చూసి, “నిన్న మా మిస్త్రీ గూడ గిదే చెప్పిండమ్మా. మీకు గ్యారేజి ఉన్నదా ఏంది?” అన్నాడు. లేదు నాయనా, సినిమాల్లో గజ్జెలు మోగించేదాన్ని అన్నాను. అతను నోరు తెరిచేలోగా సిగ్నలు పడింది, బండ్లు కదిలాయి. పాపం, గజ్జెలకూ కమాన్లకూ పొంతన ఏమిటో తెలియకుండానే వెళ్ళిపోయాడు. మీకైతే తీరిగ్గా చెప్పవచ్చు.

మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో షూటింగులో పుట్టిన చప్పుడు ఒక్కటీ సినిమాలో ఉండేది కాదు. మాటలు తర్వాత చెప్పించేవారు. అడుగుల సవ్వడి, గాజుల గలగల, తలుపు కిర్రుమనడం, చెంపదెబ్బ, అన్నీ మాలాంటి వాళ్ళం ఒక చీకటి గదిలో తెర మీది బొమ్మను చూస్తూ చేతికందిన సామానుతో పుట్టించేవాళ్ళం. వాన కావాలంటే చేటలో పెసలు దొర్లించేదాన్ని. చిన్నప్పుడు నాలుగేళ్ళు నాట్యం నేర్చుకున్న పుణ్యాన కథానాయికల అడుగులన్నీ నా కాళ్ళకే వచ్చి పడ్డాయి, అందుకే ఆ రికార్డింగు థియేటర్లో నన్ను గజ్జెల అమ్మాయి అనేవారు. ఆ పిలుపులో ముద్దు ఎంత ఉండేదో చులకన కూడా అంతే ఉండేదని నాకు తెలుసు, కాని దానికి అలిగి పని పోగొట్టుకునే రకం కాదు నేను.

మావారు ఒక నిర్మాణ సంస్థలో పికప్ నడిపేవారు. లైట్లు, స్టాండ్లు, ఇసుక సంచులు ఎక్కించుకుని స్టూడియో నుంచి షూటింగు జరిగే చోటికి, మళ్ళీ అక్కడి నుంచి స్టూడియోకి. ఆ సంస్థలో మేనేజరు స్వయానా ఆయన మేనమామే, ఆ ఉద్యోగం వేయించిందీ ఆయనే. సినిమావాళ్ళలో చుట్టరికం తాడు లాంటిది, పైకి లాగడానికీ అదే, మెడకు చుట్టుకోవడానికీ అదే. మేనల్లుణ్ణి వెనకేసుకొస్తున్నాడని ఎవరైనా అంటారేమోనన్న భయంతో ఆ పెద్దమనిషి మావారి మీద అందరికన్నా రెండింతలు గట్టిగా ఉండేవారు. మేం కాపురం ఉన్నది ఫిల్మ్ నగర్ ఎత్తు దిగే దారిలో, రెండు బండరాళ్ళ సందున కట్టిన రెండు గదుల్లో. అప్పట్లో అక్కడ మేడల కన్నా రాళ్ళే ఎక్కువ, రోడ్డు కన్నా గతుకులే ఎక్కువ.

మా చిన్నమ్మాయి పుట్టినప్పుడు మావారు రెండు రోజులు సెలవు పెట్టి నా దగ్గరే ఉన్నారు, ఆ రెండు రోజులూ బండిని వేరే డ్రైవరు నడిపాడు. ఆ తర్వాతే వెనక నుంచి చప్పుడు మొదలైంది. యూసుఫ్‌గూడ నుంచి కంపెనీ షెడ్డుకు వచ్చే ముసలి మిస్త్రీ మొదట షాకబ్జర్లు మార్చాడు. చప్పుడు పోలేదు. కమాన్ల బుష్‌లు మార్చాడు, అయినా పోలేదు. కమాను పట్టీలు విప్పి, కడిగి, మళ్ళీ బిగించాడు, మూడో రోజుకు యథాప్రకారం. నలభై ఏళ్ళుగా బండ్ల కింద పడుకున్న మనిషికి బండి లొంగకపోతే కోపం ఎవరి మీదికి పోతుంది? బండి నడిపేవాడి మీదికే. మేనేజరు దగ్గరకెళ్ళి, “గీ సప్పుడు బండిది కాదు సారూ, నడిపెటోనిది. ఆదివారాలు ఇటుకలు, కంకర ఏస్కొని కిరాయిలకు తిప్పుతుంటే కమాన్లు ఏం జేస్తయ్?” అన్నాడట. అంతే, మేనమామ మావారిని అందరి ముందూ నిలబెట్టి, శుక్రవారం లోగా చప్పుడు సంగతి తేలకపోతే తాళాలు ఇచ్చెయ్యమన్నారు. ఒక కంపెనీలో బండిని దొంగకిరాయిలకు తిప్పాడని పేరు పడితే మర్నాటికి సినిమావాళ్ళు చేరే కృష్ణానగర్ టీ కొట్ల దగ్గర ఆ మాటే, ఇక ఏ కంపెనీ గుమ్మమూ ఎక్కనివ్వరు. మాకు ఇద్దరు ఆడపిల్లలు, చిన్నదానికి మూడో నెల.

ఇక్కడ మీ దగ్గర ఒక మాట దాచను. మావారు అలాంటి పని చేయరని నేను మా అమ్మతో గట్టిగానే వాదించాను గాని, నా మనసులో ఒక మూల పురుగు తొలుస్తూనే ఉంది. ఎందుకంటే ఆ ముందు ఆదివారం ఆయన బండి తీసుకుని వెళ్ళి పొద్దుగూకే వేళకు గాని రాలేదు. ఎక్కడికెళ్ళారంటే పని ఉందన్నారు, ఏం పనంటే విసుక్కున్నారు. ఎప్పుడూ విసుక్కోని మనిషి విసుక్కుంటే ఆడదానికి అనుమానం రాదా? వచ్చింది. ఆ అనుమానాన్ని నోట్లో పెట్టుకుని నమలలేక, మింగలేక మూడు రోజులు గడిపాను.

నాలుగో రోజు పొద్దున్న గుమ్మంలో పిల్లకు నీళ్ళు పోస్తుంటే మావారి బండి మా ఇంటి ముందు నుంచి ఎత్తు ఎక్కి వెళ్ళింది. అన్ని గతుకులూ ఎక్కింది, దిగింది, నోరు మెదపలేదు. గంట తర్వాత లైట్లు ఎక్కించుకుని అదే దారిన దిగుతూ ప్రతి గతుకుకూ ‘ఠక్, ఠక్’ మంటూ పోయింది. నా చేతిలో చెంబు ఆగిపోయింది. బరువుంటేనే చప్పుడు! మరి మిస్త్రీ దగ్గరికి బండి ఎప్పుడు పోయినా ఖాళీగానే పోతుంది, లైట్లతో బండిని షెడ్డుకు పంపకూడదని స్టూడియోలో కట్టడి. ఆయన పరీక్ష చేసిన బండి ఎప్పుడూ చప్పుడు చేయని బండే. ఇంకో సంగతి కూడా అప్పుడే నా చెవికి తట్టింది. ఆ చప్పుడు ఇనుముది కాదు.

థియేటర్లో ఇంజనీరు గారిని బతిమాలి చేతిలో పట్టే టేపు రికార్డరు, ఒక మైకు తెచ్చుకున్నాను. మధ్యాహ్నం భోజనాల వేళ సామాను దించకుండానే ఉన్న బండి కిందకి చీర చెంగు నడుముకు బిగించి దూరాను. యూనిట్ అంతా అన్నాలు మానేసి వింత చూసింది. గజ్జెల అమ్మాయి కమాన్లకు గజ్జెలు కడుతోందని ఎవరో అంటే అందరూ నవ్వారు. నవ్వుకోండి, నవ్విన నాపచేనే పండుతుంది అనుకుంటూ మైకుకు పాత గుడ్డ చుట్టి ఒకసారి ఎడమ చక్రం దగ్గర, ఒకసారి కుడి చక్రం దగ్గర కట్టి, మావారి పక్కన కూర్చుని ఆ దారిలోనే రెండు చుట్లు తిప్పించాను.

శుక్రవారం ఉదయం మేనమామనూ, మిస్త్రీనీ థియేటరుకు రమ్మన్నాను. మావారు తలుపు దగ్గరే నిలబడిపోయారు. టేపు వేశాం. ఎడమవైపు చప్పుడు మెల్లగా, దూరంగా వినబడింది. కుడివైపుది ఆ పెద్ద స్పీకర్లలో గుండెల మీద కొట్టినట్టు వినబడింది. ఇప్పుడు కళ్ళు మూసుకోండి, నేను మూడు చప్పుళ్ళు చేస్తాను, ఏది మీ బండిదో చెప్పండి అన్నాను. మొదట ఇనుప కడ్డీతో ఇనుప పట్టీ మీద కొట్టాను, ఖంగుమని తోక సాగింది. మిస్త్రీ అడ్డంగా తలూపాడు. తర్వాత మందపాటి రబ్బరు మీద కొట్టాను, రబ్బరు ఆ చప్పుడును సగం మింగేసింది. మళ్ళీ అడ్డంగానే తలూపాడు. మూడోసారి సెట్టింగుల గది నుంచి తెచ్చుకున్న ఎండు కొయ్య దిమ్మ మీద కొట్టాను. ఇద్దరూ ఒక్కసారే కళ్ళు తెరిచి, “గిదే, గిదే!” అని మిస్త్రీ, “అదేనమ్మా, అదే!” అని మేనమామ. ఆ క్షణంలో నాకు ఒళ్ళంతా గర్వం పాకింది, అబద్ధం ఎందుకు చెప్పాలి?

కాని బండి కింద కొయ్య ఎక్కడిది, అన్నాడు మిస్త్రీ. అందరం బయటికి వచ్చాం. మళ్ళీ కిందకి దూరింది నేనే. గతుకులో ఇరుసు మరీ పైకి లేచి బండి చట్రానికి తగలకుండా రెండువైపులా నల్లటి రబ్బరు దిమ్మలుంటాయి కదా, కుడివైపు దిమ్మ మీద స్క్రూడ్రైవరుతో గీశాను. నల్లరంగు పెచ్చులూడి లోపల నుంచి పసుప్పచ్చని మామిడి చెక్క బయటపడింది. మిస్త్రీ నా పక్కనే పడుకుని దాన్ని వేలితో తడిమి, తల పట్టుకున్నాడు. “నలభై ఏండ్ల సంది బండ్ల కిందనే పండుకున్న బిడ్డా, నా కండ్లల్లనే దుమ్ము గొట్టిన్రు గదా గీ సినిమోళ్ళు!” అన్నాడు. పది నిమిషాల్లో సెట్టింగులు కట్టే వడ్రంగి మేస్త్రి దొరికాడు, తల గోక్కుంటూ ఒప్పుకున్నాడు. మావారు సెలవులో ఉన్న ఆ రెండు రోజుల్లో ఒక పోరాట సన్నివేశం కోసం కెమెరా పెట్టి బండిని కింద నుంచి తీశారట. కుడివైపు రబ్బరు చిరిగిపోయి వేలాడుతుంటే తెర మీద బాగుండదని దర్శకుడు చిరాకుపడితే, ఈ వడ్రంగి గంటలో చెక్కతో అచ్చం అలాంటిదే చెక్కి, నల్లరంగు కొట్టి బిగించాడట. అసలు దాని కన్నా అంగుళం పొడవు చెక్కాడు, కెమెరాకు బాగా కనబడాలని! సినిమావాళ్ళకు కనబడితే చాలు, అది ఉన్నట్టే లెక్క. షాట్ ఓకే అయ్యాక ఎవరికీ ఆ దిమ్మ గుర్తు లేదు. బరువుకు కిందకి దిగిన బండి ప్రతి చిన్న గతుకుకూ ఆ అంగుళం దగ్గర ఇరుసును కొట్టుకుంటోంది.

సాయంత్రానికి కొత్త రబ్బరు వేశారు. లైట్లన్నీ ఎక్కించి, నిన్న నవ్విన యూనిట్ అంతా రోడ్డు పక్కన నిలబడి చూస్తుండగా మావారు ఫిల్మ్ నగర్ ఎత్తు ఎక్కి దిగారు. ఒక్క చప్పుడు లేదు. ఎవరో ఈల వేశారు, నేనూ వేసేదాన్నే, ఆడదాన్నని ఊరుకున్నాను. మేనమామ తాళాలు నీ దగ్గరే ఉంచుకో అని మావారి భుజం తట్టి, నా వైపు తిరిగి, “పెద్దవాణ్ణి, అనకూడదు గానీ, తప్పు నాదేనమ్మాయ్” అన్నారు, అందరి ముందూ అన్నారు. ఆ వారం నుంచి శ్రీనగర్ కాలనీ దాకా ఎవరి బండి మూలిగినా, జర ఇని చెప్పమ్మా అంటూ మా గుమ్మం ముందు ఆపేవారు. పిల్లకు పాలు పడుతూనే, ఇది షాకబ్జరు, ఇది బుష్, నీది ఏమీ లేదు వెనక జాకీ సరిగ్గా కట్టుకో అని చెప్పి పంపేదాన్ని. ఆ శుక్రవారం రాత్రి ఇంటికెళ్ళాక మావారు చెప్పారు, ఆ ఆదివారం ఖాళీ బండిని జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాలన్నీ ఒంటరిగా తిప్పుతూ చప్పుడు కోసం వెతికారట. ఇన్నేళ్ళ డ్రైవరునై ఉండి నా బండి జబ్బు నాకు తెలియలేదని సిగ్గేసి నీతో అనలేదు అన్నారు. నేను నా అనుమానం సంగతి చెప్పలేదు. ఆ గెలుపు పూట ఎలా చెబుతాను?

ఇప్పుడా థియేటరు ఉన్న చోట అద్దాల మేడ లేచింది. అడుగుల సవ్వడి నుంచి పిడుగుపాటు దాకా అన్నీ కంప్యూటరులో ఉన్నాయట, వేలు పెట్టి ఎంచుకోవడమే. కొత్త కార్లలో అద్దాలు బిగిస్తే బయటి లోకం వినబడదు, ఏదైనా తేడా వస్తే ముందు ఒక దీపం వెలుగుతుంది, మనిషి చెవితో దానికి పని లేదు. మంచిదే, ఎవరినీ చప్పుడు పేరుతో అన్యాయంగా నిందించరు. అయినా ఒక బండి మూలుగు విని పదిమంది దాని చుట్టూ మూగి వాదించుకునే ఆ రోజులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ బెంగగా ఉంటుంది.

మావారికి ఈ మధ్య వినికిడి తగ్గింది, చెవికి మిషను పెట్టుకున్నారు. చెక్‌పోస్టు నుంచి ఇంటికి రాగానే పూలకుండీల బండి సంగతి చెప్పి, ఆ ఊపులో, ఇన్నేళ్ళుగా దాచిన అనుమానం కూడా చెప్పేశాను, కాస్త గట్టిగానే చెప్పాల్సి వచ్చింది. ఆయన ఆశ్చర్యపోలేదు. “నాకప్పుడే తెలుసులే. టేపు వేసేముందు అందరి మొహాలూ చూశావు, నా మొహం ఒక్కటే చూడలేదు” అన్నారు. మరి ఇన్నాళ్ళూ అడగలేదేం అన్నాను, కళ్ళు తుడుచుకుంటూ.

“ఏం అడగను? నన్ను నమ్ముతున్నామన్న వాళ్ళంతా గట్టున నిలబడ్డారు. అనుమానం పెట్టుకుని కూడా బండి కిందకి దూరింది నువ్వొక్కదానివే కదా.”