గేటు ముందు ఒక్క నిమిషం

మా బాపుకు రెండు విషయాల్లో లోకం మీద నమ్మకం ఉండేది కాదు. ఎవడో ఒకడు తన షామియానా తాళ్లు ఎత్తుకుపోతాడన్నది ఒకటి. బండి ఆగాక కూడా ఇంజను నడుస్తుంటే ఆ కాలే డీజిల్ ఎవడబ్బ సొమ్మన్నది రెండోది. జీపు గేటు ముందు పూర్తిగా ఆగకముందే ఆయన చెయ్యి తాళం మీదికి పోయేది. బ్రేకు కిర్రుమనడం, ఇంజను బంద్ కావడం మాకు ఒకే చప్పుడులా వినబడేది. ఆ చప్పుడు కాగానే అమ్మ చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టేది.

మాకు చిక్కడపల్లిలో టెంట్ హౌస్ ఉండేది. షామియానాలు, ఇనుప కుర్చీలు, జంపఖానాలు, వంట గంజులు కిరాయికి ఇచ్చేవాళ్లం. వాటిని మోయడానికి బాపు మిలిటరీ వేలంలో ఒక పాత జీపు కొన్నాడు. నాలుగు చక్రాలూ లాగే రకం. వెనక ట్రాలీ తగిలిస్తే బురద మైదానమైనా, రాళ్ల ప్లాటైనా, పెళ్లి ఎక్కడంటే అక్కడికి దూరేది. తర్వాత ఖర్చు తగ్గుతుందని దానికి డీజిల్ ఇంజను వేయించాడు. ఖర్చుతో పాటు బండి బలమూ తగ్గింది.

అశోక్ నగర్ నాలా దాటి మా గల్లీలోకి మళ్లగానే నిటారుగా ఎక్కుడు. ఆ ఎక్కుడు చివర మా ఇల్లు. నిండు ట్రాలీతో జీపు సగం దాకా వచ్చి ఆయాసపడి ఆగిపోయేది. కూలీలు దిగి సగం కుర్చీలు నెత్తిన పెట్టుకుని, బండిని, బండి కొన్నవాడిని తిట్టుకుంటూ పైకి నడిచేవారు. బాపు ఆ తిట్లు వినబడనట్టే స్టీరింగు పట్టుకుని కూర్చునేవాడు.

మా అన్న నాకంటే మూడేళ్లు పెద్ద. డిగ్రీ మధ్యలో వదిలేసి ముషీరాబాద్‌లో ఒక షెడ్డులో మెకానిక్ పని నేర్చుకుంటున్నాడు. చదువు వదిలినవాడు పని మాత్రం పట్టుకుంటాడా అన్నది బాపు లెక్క. ఆ లెక్క తప్పని నిరూపించడానికే అన్న ఆ టర్బో తెచ్చాడనుకుంటాను. అది ఏమిటో నాకు వంటింట్లో పొయ్యి చూపించి చెప్పాడు. గొట్టంతో ఊదితే మంట లేవదా, ఇదీ అంతే. ఇంజను వదిలే వేడి పొగకే ఒక చిన్న చక్రం గిర్రున తిరిగి, ఇంజనులోకి మరింత గాలి ఊదుతుందట. బండితో పాటు వచ్చిన సామాను కాదది. బొంబాయి నుంచి ఎవరో తెప్పించుకుని వాడకుండా పడేసినది, పైపులతో పట్టీలతో సహా గోనె సంచిలో మా ఇంటికి వచ్చింది.

బిగించిన రోజు సాయంత్రం జీపు నిండు ట్రాలీతో, సన్నగా ఈల వేస్తూ, మధ్యలో ఎక్కడా ఆగకుండా ఎక్కుడు ఎక్కేసింది. ఇస్త్రీ బండి దగ్గర నిలబడ్డవాళ్లు కూడా పని ఆపి చూశారు. కూలీలు ట్రాలీలో కుర్చీల మీద దర్జాగా కూర్చుని వచ్చారు. బాపు బండి ఆపీ ఆపకముందే తాళం తిప్పి, దిగి, "గుంజుతది" అన్నాడు. ఆయన నోటి నుంచి అంతకంటే పెద్ద మెప్పు మేమెప్పుడూ వినలేదు. అన్న ఆ రాత్రి రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాడు.

పెళ్లిళ్ల కాలం సగం కాకముందే నీలం పొగ మొదలైంది. ఉతికి ఆరేసిన బట్టలన్నీ కంపు కొడుతున్నాయని గల్లీలో ఆడవాళ్లు అమ్మతో తగాదా పెట్టుకున్నారు. ఇంజనాయిలు పోసినకొద్దీ తాగుతోంది. ఎక్కుడు మీద జీపు మళ్లీ ఆయాసపడుతోంది. అన్న ఆదివారం పొద్దున్నే బానెట్ ఎత్తాడు. నేను గ్రూప్స్ పరీక్షకు చదువుతున్న రోజులవి. మెట్ల మీద పుస్తకం తెరుచుకుని కూర్చుని, చదువుకంటే అన్న పనినే ఎక్కువ చూసేదాన్ని. గాలి జాలీ విప్పి దులిపాడు. పైపుల అతుకుల మీద సబ్బునీళ్లు పూసి, నన్ను ఇంజను రేజ్ చేయమని, బుడగలు లేస్తాయేమోనని చూశాడు. ఒక్క బుడగా లేదు. నూనె దిగే పైపు వంకర పోయిందేమోనని దాన్నీ మార్చాడు. చివరికి టర్బోనే విప్పితే, లోపల చక్రం ఉన్న కడ్డీ వేలితో కదిపితే ఊగుతోంది. బేరింగులు పోయాయన్నాడు. రాణీగంజ్‌లో కొత్తవి వేయించుకొచ్చి బిగించాడు.

అవీ పోయాయి. ఈసారి నారాయణగూడ చౌరస్తాలో పెళ్లివారి ముందే పొగ కక్కి బండి నిలబడింది. ఇంటికి వచ్చి బాపు, అందరం తింటున్నప్పుడు, అన్నవైపు చూడకుండానే అన్నాడు.

"నీ చేతుల ఏ పనన్న సక్కగ అయిందా రా? ఇంకొక్కపారి ఖరాబైతే దాన్ని పీకి నాలాల పడేస్త. నువ్వు గూడ పానాలు పట్టుడు బంద్ చేసి కుర్చీలు మొయ్యి."

అన్న కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒకరు తిన్నాక ఒకరు తినేవారు. మధ్యలో అమ్మ పోస్ట్‌మ్యాన్ అయింది. ఈ టర్బో నిలబడకపోతే బొంబాయి వెళ్లిపోతానని అన్న నాకు ఒక్కదానికే చెప్పాడు. వట్టి కోపంతో అన్న మాటలా లేదు. నాకు భయం వేసింది.

టర్బోను రెండోసారి విప్పినప్పుడు అన్న నూనె పైపును కూడా ఊడదీసి వెలుతురుకు పెట్టి చూశాడు. తర్వాత నన్ను పిలిచి దాని లోపల చూపించాడు. పోపు మాడిన గరిటెలా నల్లగా పెచ్చు కట్టి ఉంది.

"నూనె మాడింది. ఎక్కుడు ఎక్కినంక టర్బో నిప్పు లెక్క ఉంటది. ఒక్క నిమిషం ఇంజను ఊకె నడిస్తె నూనె తిరిగి అది సల్లబడతది. బాపు ఏంజేస్తుండు? పైకి రాంగనే టక్కున బంద్ జేస్తుండు. నూనె ఆడనే ఆగి మాడుతుంది."

"మరి చెప్పరాదు?"

"మొదట్లనే చెప్పిన. నాకు బండి బంద్ చేసుడు నేర్పుతవా అన్నడు. ఇప్పుడు చెప్తె, తప్పు నామీదికెల్లి ఆయన మీదికి తోస్తున్న అంటడు."

నిజమే. మా బాపు తప్పు చేశానని ఒప్పుకున్న రోజు మా ఇంటి క్యాలెండరులో లేదు.

"నువ్వు గేటు కాడికి పో" అన్నాడు అన్న. "బండి ఆగంగనే ఏదన్న అడుగు. మాట్లాడేటోనికి చెయ్యి తాళం మీదికి పోదు. ఒక్క నిమిషం చాలు. నువ్వంటె ఆయనకు పాణం."

ప్రాణమేమో గాని, బాపుకూ నాకూ మధ్య అప్పటిదాకా నడిచిన సంభాషణంతా "సదువుతున్నవా?" "ఆఁ" అన్న రెండు మాటలే. ఏం అడగాలో తెలియలేదు. మళ్లీ బేరింగులు వేయించి బిగించిన మొదటి సాయంత్రం జీపు ఎక్కుడెక్కే మోత వినగానే పరుగెత్తి వెళ్లి, ఆయన చెయ్యి కదలకముందే కిటికీ పట్టుకుని నోటికి వచ్చింది అడిగాను.

"బాపూ, తిన్నవా?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఇంటికి వస్తున్నోన్ని తిన్నవా అంటవేంది? ఏమైంది నీకు?"

ఏమీ కాలేదని, ఊరికే అడిగానని, ఇవాళ ఏ పెళ్లి అని, పెళ్లికొడుకు ఎట్లున్నాడని ఏదేదో అడిగాను. ఇంజను మోతలో ఇద్దరం అరుచుకుంటూ మాట్లాడుకున్నాం. గల్లీ అంతా విన్నది. నిమిషం గడిచాక అన్న అరుగు మీద నుంచి తల ఊపాడు. నేను పక్కకు తప్పుకున్నాను.

అలా రోజూ. లైబ్రరీ నుంచి తొందరగా లేచి వచ్చేదాన్ని. మొదట్లో బాపు విసుక్కున్నాడు. తర్వాత అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు సుల్తాన్ బజార్‌లో ఒక సేటు దగ్గర గుంజలు మోసిన సంగతి, తను కట్టిన మొదటి షామియానా గాలికి లేచి పక్కింటి మేడ మీద పడ్డ సంగతి, అన్నీ ఆ కిటికీలో నుంచే విన్నాను. అరుగు మీద కూర్చుంటే మాట్లాడని మనిషి స్టీరింగు ముందు కూర్చుంటే మాట్లాడేవాడు. ఒకసారి అంబర్‌పేట్‌లో ఒక చావు ఇంటికి టెంటు వేసి వచ్చి, "సావు కాడ కిరాయి మాట అడగొద్దు బిడ్డా. ఇస్తె తీసుకోవాలె, ఇయ్యకుంటె మర్వాలె" అన్నాడు. డీజిల్ చుక్కకు లెక్క చూసే మనిషిలో ఇలాంటి మనిషి ఒకడున్నాడని నాకు అప్పుడే తెలిసింది.

టర్బో నిలబడింది. పెళ్లిళ్ల కాలం అయిపోయి ఇంకో పెళ్లిళ్ల కాలం వచ్చినా నీలం పొగ రాలేదు. ఒక సాయంత్రం బాపు బానెట్ వైపు చూస్తూ, "మీ అన్న పని నేర్చిండు" అన్నాడు.

"అన్నకే చెప్పరాదు బాపూ."

"చెప్తె నెత్తికెక్కుతది. నువ్వు గూడ చెప్పకు."

నేను ఆ క్షణమే వెళ్లి చెప్పేశాను. అన్న నాతో ఆ మాట మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాడు. మర్నాడు ఇద్దరూ ఒకే వేళకు కంచాల ముందు కూర్చున్నారు. ఉప్పు తక్కువైందని బాపు అన్నకే చెప్పాడు. అంతవరకే. ఆ మెప్పు మాత్రం అన్న చెవిన స్వయంగా వేయలేదు.

ఆ వానాకాలం నాకు జ్వరం వచ్చింది. సాయంత్రం జీపు పైకి వచ్చిన మోత విని లేవబోయాను గాని కాళ్లు ఆనలేదు. పోనీలే, ఒక్కరోజుకు ఏం కాదనుకుని కళ్లు మూసుకున్నాను. కాని ఇంజను బంద్ కాలేదు. నడుస్తూనే ఉంది. కాసేపటికి అమ్మ విసుక్కుంటూ లోపలికి వచ్చింది.

"మీ బాపుకేమైందో ఏమో, బండిలనే కూసున్నడు. బంద్ చెయ్యడు, దిగడు. బిడ్డ రాలే అంటుండు. లేస్తవా జర?"

దుప్పటి కప్పుకుని గోడ పట్టుకుని వెళ్లాను. బాపు కిటికీలో నుంచి చెయ్యి చాపి నా నుదురు తాకి చూశాడు. "ఇంత జరంల ఎందుకొచ్చినవ్? పో, పండుకో" అని, అప్పుడు తాళం తిప్పాడు. ఆగిన బండిలో డీజిల్ కాలుతుంటే ఓర్వలేని మా బాపు నా కోసం అంతసేపు కాల్చాడు. లోపలికి వచ్చి ఏడ్చాను. గుమ్మంలో నిలబడి చూసిన అన్న, "టర్బో ఎప్పుడో సల్లబడ్డది" అన్నాడు.

ఆ తర్వాత రెండో ఎండాకాలం, ఒక తెల్లవారుజామున అంబర్‌పేట్‌లో ఒక పెళ్లి పందిరికి తాడు బిగిస్తూ బాపు ఛాతీ పట్టుకుని కూర్చుండిపోయాడు. కూలీలు ఆసుపత్రికి తీసుకుపోయారు. అన్న అక్కడికి పరుగెత్తాడు. నేను వెళ్లేలోపే, పొద్దున బాపు పోయాడన్న కబురే ఇంటికి వచ్చింది. జీపు అంబర్‌పేట్‌లోనే ఉండిపోయింది. మా షామియానానే మా గేటు ముందు వేశారు. ముడులు సరిగ్గా లేవు. చూసి తిట్టేవాడు లేడు.

ఎండ ముదిరాక ఎక్కుడు మీద అంబులెన్స్ మోత వినబడింది. ఆడవాళ్లందరూ ఒక్కసారి గొల్లుమన్నారు. నేను మాత్రం అలవాటు చొప్పున లేచి గేటు దగ్గరకు వెళ్లాను. బండి పైకి వచ్చి ఆగింది. డ్రైవరు చెయ్యి తాళం మీదికి పోయింది. అతని పక్కనే కూర్చున్న అన్న ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, జర ఆగు. ఒక్క నిమిషం బంద్ చెయ్యకు."

డ్రైవరుకు ఏమీ అర్థం కాలేదు. అయినా చెయ్యి తీశాడు. అన్న నావైపు చూశాడు. నేను బండి వెనక్కి వెళ్లాను. ఎవరో తలుపు తెరిచారు. మా బాపు ముఖం దుమ్ము తుడిచినట్టు శుభ్రంగా ఉంది. నిమిషమంతా నాదే. అడగాల్సినవి ఎన్నో ఉండి కూడా ఒక్కటీ నోటికి రాలేదు. చివరికి మొదటి రోజు మాటే వచ్చింది.

"బాపూ, తిన్నవా?"

ఇంజను నడుస్తూనే ఉంది. కాసేపటికి అన్న ముందు నుంచి, "ఇగ బంద్ చెయ్యన్నా" అన్నాడు.