అరువుకి వెళ్లని గొంతు

మద్రాసు కోడంబాకంలో సినిమా స్టూడియో యజమాని ఎదుట బల్ల గుద్ది మాట్లాడినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ దెబ్బకి ఆయన కాఫీ కప్పు ఎగిరి కింద పడింది. మ్యూనిక్ పక్కన ఉంటర్‌ఫ్యోరింగ్‌లో, కరోనా రోజుల్లో, మా అమ్మాయి ఇంట్లో, తనకి ధైర్యం చెబుతూ నేనన్న మాటలివి.

అమ్మాయి అక్కడే ఒక టీవీ కంపెనీలో పనిచేసేది. పని తగ్గడంతో కుర్జ్‌ఆర్బైట్‌లో పెట్టారు. అంటే సగం పని, కోత పడిన జీతం. ఇంతలో బయటివాళ్లెవరో ఒక డాక్యుమెంటరీకి గొంతు ఇమ్మని అడిగారు.

"మా బాస్‌తో టెర్మిన్ తీసుకున్నా నాన్నా. పర్మిషన్ ఇవ్వనంటే?" అంది గోళ్లు కొరుక్కుంటూ. టెర్మిన్ అంటే అపాయింట్‌మెంట్.

"అడిగే పద్ధతుంటుందే! మీ అమ్మ కోసం నేను అడగలా?"

ఆ స్టూడియోలో నేను మైకు పట్టేవాణ్ణి. మా ఆవిడ కోరస్‌లో పాడేది. ఇద్దరివీ నెలజీతాలే. కథ యజమానిది, ఫ్లోరు ఆయనది, ల్యాబు ఆయనది, చివరికి బొమ్మ ఆడే హాలూ ఆయనదే. మనుషులూ అంతే. బయటి కంపెనీకి ఎవరైనా కావాలంటే, పక్కింటికి కాఫీపొడి ఇచ్చినట్టు, ఆయన అరువిచ్చేవాడు. ఆ మాటే అనేవాళ్లం: "ఫలానా ఆయన్ని అరువుకి పంపారు" అని.

ఒకసారి బయటి కంపెనీవాళ్లు మా ఆవిడ గొంతు విని, ఒంటరిగా ఒక పాట పాడించడానికి అరువు అడిగారు. ఆ వారమంతా ఆవిడ చన్నీళ్లు ముట్టలేదు, పెరుగు తినలేదు. యజమాని దగ్గరికి నేను వెళ్లాను.

"నాన్న నిజంగా బల్ల గుద్దారా అమ్మా?" అంది అమ్మాయి.

మా ఆవిడ తలెత్తలేదు. బంగాళాదుంపల తొక్క తీస్తోంది. ఆవిడ ముందు ఆ కోత నిలవదనిపించింది.

"గుద్దలేదులే," అన్నాను. "కప్పూ లేదు, కాఫీ లేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయన కుదరదన్నాడు. వచ్చేశాను."

ఆ పాట ఇంకెవరో పాడారు. కొన్నాళ్లకి స్టూడియో నెలజీతాలు ఎత్తేసింది, కోరస్ చెదిరిపోయింది. ఆవిడ గొంతు ఒంటరిగా ఏ రికార్డులోనూ లేదు. పది గొంతుల మధ్య ఎక్కడుందో నేను పోల్చుకోగలను. ఇంకెవరికీ తెలియదు. ఇప్పుడు ఎవరైనా పాడమంటే, "నాకేం వచ్చు" అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ప్రాణం చివుక్కుమంటుంది.

"ఆ రోజుల్లో యజమానిని ఎవరు ఎదిరించగలరే," అన్నాను అమ్మాయితో.

మా ఆవిడ కత్తి కింద పెట్టింది. అమ్మాయి వైపే చూస్తూ అంది:

"యజమాని కుదరదనలేదే. తర్వాత నేనే వెళ్లి అడిగాను. 'నేను పంపుతాననే చెప్పానమ్మా, మీ ఆయనే వద్దన్నాడు' అన్నారు. నీ టెర్మిన్‌కి నువ్వే వెళ్లు. ఈయన సలహా అడక్కు."